జావా 21కి మారాం: పాత విజిటర్, సింగిల్టన్ డిజైన్ ప్యాటర్న్‌లను (కోడ్ రాసే అలవాటైన పద్ధతులను) ఉంచాలా, తీసేయాలా?

బెళ్లందూరు_బ్యాకెండ్: బెంగళూరులో మా టీమ్ చూసే పేమెంట్స్ కోడ్ జావా 6 రోజుల నాటిది. ఇప్పుడు 21 మీద నడుస్తోంది. కొత్త పేమెంట్ రకం ఒక్కటి చేర్చాలంటే 9 ఫైళ్లు తెరవాలి. రివ్యూలో మాత్రం "అది ప్యాటర్న్, కదపొద్దు" అంటారు. దేన్ని కదపొచ్చండీ?

కంపైలర్_మిత్ర: భాషలో లేని సదుపాయం కోసం కట్టుకున్న ప్యాటర్న్ అయితే, ఆ సదుపాయం వచ్చాక అది బరువే. ఒకే మెథడ్ ఉండి, స్టేట్ (లోపల దాచుకున్న డేటా) లేని స్ట్రాటజీ క్లాసుకు, అంటే మార్చుకోదగ్గ ఒక పని పద్ధతిని పట్టుకునే క్లాసుకు, 2014లో జావా 8తోనే అవసరం తీరింది. దాని బదులు ల్యాంబ్డా (పేరులేని ఫంక్షన్) చాలు. అయితే పొడవైన ల్యాంబ్డా రాయకండి, స్టాక్ ట్రేస్‌లో (ఎర్రర్ వచ్చినప్పుడు కనిపించే మెథడ్‌ల జాబితాలో) పేరు తెలియదు. పేరున్న మెథడ్ రాసి దాని రెఫరెన్స్ ఇవ్వండి.

విజిటర్ (ఒక్కో రకానికి ఒక్కో మెథడ్ ఉన్న వేరే క్లాసులో పని రాసే ప్యాటర్న్) బదులు సీల్డ్ ఇంటర్‌ఫేస్ (తనను అమలు చేసే క్లాసులేవో ముందే తేల్చేసేది), రికార్డులు (డేటా పట్టుకునే చిన్న క్లాసులు), స్విచ్ వాడండి. స్విచ్‌లో డిఫాల్ట్ (మిగతా రకాలన్నిటికీ వర్తించే శాఖ) మాత్రం పెట్టకండి. పెడితే రేపు కొత్త రకం చేర్చినప్పుడు కంపైలర్ నోరు మెదపదు, ఆ పేమెంట్ నేరుగా డిఫాల్ట్‌లో పడుతుంది. వేరే టీమ్‌లు తమ జార్‌లోంచి (జావా కోడ్ ప్యాకేజ్ ఫైలులోంచి) కొత్త రకాలు చేర్చేలా ఉంటే సీల్డ్ పనికిరాదు. అప్పుడు ఆ పనిని ఇంటర్‌ఫేస్‌లోనే మెథడ్‌గా పెట్టడం మేలు.

టెస్ట్_ముందు: నేనైతే సింగిల్టన్‌తో (ప్రోగ్రామ్ మొత్తానికీ ఒకే ఆబ్జెక్ట్ ఇచ్చే క్లాసుతో) మొదలుపెడతాను, అసలు నష్టం అక్కడే. ఒక టెస్ట్ మార్చిన స్టేట్ తర్వాతి టెస్ట్‌కు అంటుకుంటుంది. విడిగా పాసయ్యేవి కలిపి నడిపితే ఫెయిలవుతాయి. స్ప్రింగ్ (ఆబ్జెక్టులను తానే తయారుచేసే ఫ్రేమ్‌వర్క్) ఉంటే ఇంకో చిక్కు: స్ప్రింగ్ చేసిన ఆబ్జెక్ట్ ఒకటి, సింగిల్టన్ మెథడ్ గెట్‌ఇన్‌స్టన్స్ ఇచ్చేది ఇంకొకటి, అంటే క్యాష్‌లు రెండు.

ఒక్క దెబ్బకు పీకేయకండి. ముందు, సింగిల్టన్‌ను వాడే క్లాసులో ఆ ఆబ్జెక్ట్‌ను పారామీటర్‌గా తీసుకునే కన్‌స్ట్రక్టర్ చేర్చండి. పాత ఖాళీ కన్‌స్ట్రక్టర్ గెట్‌ఇన్‌స్టన్స్ ఇచ్చిన ఆబ్జెక్ట్‌తో కొత్త కన్‌స్ట్రక్టర్‌నే పిలవాలి. పిలిచే చోట్లన్నీ ఒక్కొక్కటిగా మారాక ఖాళీదాన్ని తీసేయండి. అప్పటిదాకా డబుల్ చెక్ లాకింగ్ (లాక్‌కు ముందూ తర్వాతా ఆబ్జెక్ట్ ఉందో లేదో చూసే పద్ధతి) ఉన్న ఫీల్డ్‌కు వోలటైల్ (ఒక థ్రెడ్ రాసింది మిగతా థ్రెడ్‌లకు సరిగ్గా కనబడేలా చేసే కీవర్డ్) ఉందో లేదో చూడండి. లేకపోతే సగం తయారైన ఆబ్జెక్ట్ ఇంకో థ్రెడ్‌కు కనబడే ప్రమాదం ఉంది.

బెళ్లందూరు_బ్యాకెండ్: మా పేమెంట్ క్లాసుల్లో రెండు వేరే ప్యాకేజీలో ఉన్నాయి. సీల్డ్ అంటే కంపైల్ కావడం లేదు.

కంపైలర్_మిత్ర: మాడ్యూల్ లేని కోడ్‌లో సీల్డ్ ఇంటర్‌ఫేస్, దాని క్లాసులు అన్నీ ఒకే ప్యాకేజీలో ఉండాలండి. ఆ తరలింపు వేరే కమిట్‌గా చేయండి. దానికి ముందు జేసన్‌లో (మెసేజ్‌లు రాసే టెక్స్ట్ ఫార్మాట్‌లో) ప్యాకేజీతో సహా క్లాసు పూర్తి పేరు రాస్తున్నారేమో వెతకండి. రాస్తుంటే క్యూలో ఉన్న పాత మెసేజ్‌లు కొత్త కోడ్‌లో తెరుచుకోవు. చిన్న టైప్ పేర్లకు మారి, పాత మెసేజ్‌లు ఖాళీ అయ్యాకే కదపండి.