పదిహేనేళ్ల పిల్లడికి జబ్బు పేరు చెప్పాలా, వద్దా?

కుట్టుమిషన్ (పలాస):

అందరికీ నమస్తే. మా పెద్దవాడు పదో తరగతి. దసరా సెలవుల్లో పట్టుకున్న జ్వరం వదల్లేదు. కాళ్ల మీద ఎర్రటి చుక్కలు తేలితే శ్రీకాకుళం తీసుకెళ్లాం. రక్తపరీక్ష చూసి, ఆలస్యం చేయకుండా విశాఖ వెళ్లిపొమ్మన్నారు. ఇక్కడ ఎముక మూలుగ పరీక్ష చేసి లుకేమియా, అంటే రక్తానికి వచ్చే క్యాన్సర్ అన్నారు. ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ అనే రకమట. పిల్లల్లో ఎక్కువమందికి తగ్గిపోతుంది, కానీ వైద్యం రెండేళ్లు దాటుతుంది అన్నారు.

అగనంపూడిలో గది అద్దెకు తీసుకుని నేనూ వాడూ ఉంటున్నాం. మా ఆయన పలాసలో జీడిపప్పు కొట్లో గుమాస్తా. చిన్నదాన్ని, మా అత్తగారిని చూసుకుంటూ ఆదివారాలు రైల్లో వస్తారు. మందుల ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవ మీద వెళ్లిపోతోంది. గది అద్దె, గ్యాసు, ఆటోలు మాత్రం మావే. నా మిషను మూతేసి ఉంది. జనం ఇచ్చిన జాకెట్లన్నీ పక్కింటావిడకి అప్పజెప్పి వచ్చేశాను.

అసలు సంగతి ఏంటంటే, వాడికి "రక్తంలో ఇన్ఫెక్షన్" అని చెప్పాం. ఇది మా అన్నయ్య పట్టు. పేరు వింటే పిల్లడు డీలా పడిపోతాడంటాడు. వాడేమో స్టెరాయిడ్ మాత్రలకి రాత్రి రెండింటికి లేచి ఆకలంటాడు. ఉప్మా చేసి పెడితే తిని, అరగంటకే చేపల పులుసు కావాలంటాడు. ఆ వేళప్పుడు చేప ఎక్కడ తెచ్చేది? మొన్న కోపంతో గిన్నె విసిరికొట్టి, గోడవైపు తిరిగి ఏడ్చాడు. మొహం ఉబ్బింది. స్నేహితులు వీడియో కాల్ చేస్తే కెమెరా మీద వేలు అడ్డం పెట్టి మాట్లాడతాడు.

నాకేమైందని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. అదే నాకు టెన్షన్. ఏ పిల్లడైనా అడగాలి కదా?

తుని అమ్మ:

చెల్లీ, గిన్నెలు విసరడం మీ పిల్లడి పని కాదు, ఆ మాత్రల పని. మా అమ్మాయికి పదమూడేళ్లు. స్టెరాయిడ్ నడిచినన్నాళ్లూ మా ఇంట్లో అందరూ దానికి శత్రువులే, ఆపాక మళ్లీ మామూలైపోయింది. రాత్రికి చోడి అంబలి కాచి ఫ్లాస్కులో పోసుకోండి, పొయ్యి వెలిగించే పని తప్పుతుంది. బయటి తిండి, కోసి అమ్మే పళ్లు వద్దు.

జ్వరం 100.4 తాకితే రాత్రయినా సరే ఆసుపత్రికి పరిగెత్తండి. చూద్దాంలే అని పారాసెటమాల్ వేయకండి. అది జ్వరాన్ని కప్పేస్తుంది, లోపల ఇన్ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది. మీ చిన్నమ్మాయి బడిలో ఎవరికైనా ఆటలమ్మ పోసిందేమో కనుక్కుని మరీ గదికి రానివ్వండి. ఒకవేళ ఆ పిల్లలతో తిరిగొచ్చి అన్న పక్కన కూర్చుంటే, అదే రోజు డాక్టరుకి చెప్పాలి.

పేరు సంగతి మేం డాక్టరుగారి చేతే చెప్పించాం. నా నోటితో నేను చెప్పలేకపోయాను.

ఒంటరి కాకి:

చెప్పకండమ్మా. మా బావమరిదికి ఆఖరిదాకా అల్సర్ అనే చెప్పాం, ధైర్యంగా ఉన్నాడు. పిల్లలకి ఇవన్నీ ఎందుకు?

అనకాపల్లి బెల్లం:

పైన కాకి గారికి దండం. మీ బావమరిదికి తెలిసే ఉంటుంది సార్. మీరు బాధపడతారని ఊరుకుని ఉంటారు.

ఆంటీ, నాకు ఇదే జబ్బు పద్నాలుగో ఏట వచ్చింది. ఇప్పుడు డిప్లొమా అయిపోయి పరవాడలో ఉద్యోగం చేస్తున్నాను. నాక్కూడా "రక్తం తక్కువ" అనే చెప్పారు. ఆసుపత్రి గేటు మీద మనిషంత అక్షరాలతో క్యాన్సర్ అని రాసి ఉంటుంది. పదో తరగతి చదివేవాడికి అది చదవడం రాదా? నేను రెండో రోజే ఫోన్లో మందు పేరు కొట్టి మొత్తం చదివేశాను. అందులో సగం చెత్త, పెద్దవాళ్ల జబ్బు లెక్కలు. అవన్నీ నాకే అనుకుని రాత్రిళ్లు లెక్కేసుకునేవాణ్ని. మీవాడు అడగట్లేదంటే తెలియక కాదు, అడిగితే మీరు ఏడుస్తారని.

నాకు చెప్పింది మా డాక్టరమ్మ. అమ్మానాన్నల్ని పక్కన కూర్చోబెట్టుకుని, కాగితం మీద గీసి చూపించింది: మొదటి నెల ఇది, తర్వాత ఆరేడు నెలలు గట్టి మందులు, ఆ తర్వాత ఇంట్లోనే మాత్రలు. బడికి ఎప్పుడు వెళ్లొచ్చో కూడా చెప్పింది. ఆ కాగితం నా దగ్గరే పెట్టుకున్నాను. భయం పోలేదు గానీ, ఎంత భయపడాలో తెలిసింది.

ఇంకోటి. వారం వారం ఇచ్చే విన్‌క్రిస్టిన్‌తో నాకు నడుస్తుంటే చెప్పు కాలి నుంచి జారిపోయేది, నాకు తెలిసేదే కాదు. మా అమ్మ వెనకాల నుంచి చెప్పు పట్టుకుని వచ్చేది. పాదం పైకి లేవకపోవడమట అది. మీవాడి నడక గమనించండి. అలా ఉంటే డాక్టరుకి చెప్పాలి, ఫిజియోథెరపీ చేయిస్తారు. దవడ నొప్పి, విరోచనం బిగుసుకుపోవడం కూడా ఆ మందువే. సిగ్గుపడి వాడు చెప్పడు, మీరే అడగండి.

జుట్టు ఊడినప్పుడు నాతోపాటు గుండు చేయించుకుంటానని మా నాన్న అన్నాడు. మా నానమ్మ ఇల్లు పీకి పందిరేసింది, తల్లి బతికుండగా గుండేంటని. నాన్న మారు మాట్లాడకుండా సింహాచలం వెళ్లి తలనీలాలు ఇచ్చి వచ్చాడు. మొక్కు అన్నాడు. అప్పన్న పేరు చెప్పాక ఎవరు నోరెత్తుతారు? వీధిలో కూడా "తండ్రీకొడుకులు కొండకెళ్లొచ్చారా" అని అడిగి ఊరుకున్నారు.

పరీక్షల గురించి కంగారు పడకండి. నేను తర్వాత ఓపెన్ స్కూల్లో రాశాను. పాలిటెక్నిక్‌లో ఎవరూ అదేంటని అడగలేదు.

కుట్టుమిషన్ (పలాస):

బాబూ, నీ మాటలు మా ఆయనకి చదివి వినిపించాను. నిన్న డాక్టరుగారి చేత చెప్పించాం. వాడు తల వంచుకుని విని, "చెల్లికి కూడా వస్తుందా?" అని అడిగాడు. ఇది అంటుకునేది కాదని ఆయన చెప్పారు. ఇన్నాళ్లూ చెల్లి వస్తే మంచం మీద కూర్చోనిచ్చేవాడు కాదు. చిరాకు అనుకున్నాం. గదికొచ్చాక వాడే ఫోన్ తీసి ఏవో అడిగాడు, నాకు తెలిసినవి చెప్పాను, తెలియనివి డాక్టరుగారిని అడగడానికి చీటీ మీద రాసుకున్నాడు. అన్నయ్యకి ఇంకా చెప్పలేదు, వాడితో గొడవ తర్వాత పడతాను.

తుని అక్కా, పండక్కి నాలుగు రోజులు ఇంటికి పంపిస్తామంటున్నారు. రైల్లో రాయితీ ఉందని వార్డులో ఎవరో అన్నారు. నిజమేనా?

తుని అమ్మ:

నిజమే. ఆసుపత్రిలో రైల్వే రాయితీ ఫారం అడిగి, డాక్టరు సంతకం, ముద్ర వేయించుకోండి. స్లీపర్, థర్డ్ ఏసీల్లో పిల్లడికి టికెట్ డబ్బులుండవు, తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం తగ్గుతుంది. వైద్యానికి వెళ్లిరావడానికే ఇస్తారు కాబట్టి ఫారంలో రానూపోనూ రెండు స్టేషన్ల పేర్లూ ఉన్నాయో లేదో చూసుకోండి. జిరాక్సులు తీసుకుని కౌంటరుకి వెళ్లండి. పండగ రద్దీ కదా, ఈ వారమే తీసుకుంటే బెర్తు దొరుకుతుంది. రైల్లో వాడికి మాస్కు మర్చిపోకండి.