చార్మినార్ రూపాయి అసలుదేనా? గుళ్ళూ కోటలూ ఉన్న నాణేలు ఏవేం పోగేయొచ్చు?

కృష్ణాతీరం:

అందరికీ నమస్కారం. మావాడికి ఈ మధ్య నాణేల పిచ్చి పట్టింది. ఏది పడితే అది కాదు, దాని మీద గుడో కోటో ఏదో ఒక కట్టడం ఉండాలట. ఫోన్ పట్టుకుని కూర్చోవడం కన్నా నయమే కదా అని నేనూ ఊ అన్నాను. అది విని మా తోడల్లుడు హైదరాబాద్ వెళ్ళినప్పుడు పాతబస్తీలో ఫుట్‌పాత్ మీద ఒక చార్మినార్ రూపాయి కొనుక్కొచ్చాడు, నిజాం కాలం నాటి వెండిదని చెప్పి 600 తీసుకున్నారట. తళతళా మెరిసిపోతోంది, నా అనుమానం కూడా అదే. నిజాం నాటిది అంత కొత్తగా ఎలా ఉంటుంది? ఇంట్లోనే పరీక్ష చేసే దారి ఏమైనా ఉందా?

ఇంకోటి, మింట్ (ప్రభుత్వ టంకశాల) వాళ్ళు అమ్మే పార్లమెంటు నాణెం, ఎన్టీఆర్ నాణెం చూశాను. వంద రూపాయల నాణెం నాలుగు వేల పైచిలుకు పెట్టి కొనడమేంటో నాకు మింగుడు పడలేదు. అసలు కట్టడాలున్న నాణేలు తక్కువ ఖర్చులో పోగేయాలంటే ఏవి వెతకాలి? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి, వాడు రోజూ ప్రాణం తీస్తున్నాడు.

పాతచిల్లర:

మెరుపు చూసి ఏమీ తేల్చలేం అండి. అసలు రూపాయిని కూడా పీతాంబరి పెట్టి తోమేసి అమ్మేవాళ్ళున్నారు, నకిలీకి నల్లరంగు పూసి పాతదని చెప్పేవాళ్ళూ ఉన్నారు. ముందు లెక్క చూడండి. ఆ రూపాయి బరువు 11.18 గ్రాములు, అందులో 82 శాతం దాకా వెండి. అంటే ఒక్కోదాంట్లో తొమ్మిది గ్రాములు దాటి వెండి ఉంటుంది. ఇవాళ్టి వెండి ధరతో గుణించి చూడండి, వెండి ఖరీదు కన్నా తక్కువకి ఫుట్‌పాత్ మీద ఎవరిస్తారు? 600కి వచ్చిందంటేనే నాకు అనుమానం.

పరీక్ష కావాలంటే చిన్న డిజిటల్ తూకం చాలు, పాయింట్ తర్వాత రెండంకెలు చూపించేది. ముందు మామూలుగా తూచండి. తర్వాత గ్లాసులో నీళ్ళు పోసి తూకం మీద పెట్టి సున్నా చేసి, నాణేన్ని దారంతో కట్టి అడుగుకీ గోడలకీ తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి. అప్పుడు తూకం చూపించే అంకెతో నాణెం బరువుని భాగించండి. అసలుదైతే 10.2కి అటూఇటూగా వస్తుంది. జర్మన్ సిల్వర్‌తో (పేరుకే సిల్వర్, రాగి, నికెల్, జింకు కలిపిన లోహం) చేసిందైతే 8.7 దగ్గర ఆగిపోతుంది. అయస్కాంతం పరీక్షని నమ్ముకోకండి, జర్మన్ సిల్వర్ కూడా మామూలుగా అంటుకోదు.

ఇక చూపుతో పట్టేది ఒకటుంది. చార్మినార్ బొమ్మలో మధ్య కమాను కింద, ద్వారంలో ఉర్దూ లిపిలో ఒక చిన్న అక్షరం ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణేల్లో మీమ్, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ నాణేల్లో ఐన్, వాళ్ళ పేర్ల మొదటి అక్షరాలన్నమాట. భూతద్దం పెట్టి చూడండి, అసలు నాణెంలో ఆ అక్షరం అంచులు పదునుగా, విడిగా లేచి కనిపిస్తాయి. అరిగిపోయి ఉంటే అంతా సమానంగా అరిగి ఉంటుంది. పోత పోసిన నకిలీలో అయితే అక్షరం ముద్దగా ఉండి చుట్టూ సూది గుచ్చినట్టు గుంటలుంటాయి, అంచు వెంట అతుకు గీత కూడా కొన్నిట్లో తెలుస్తుంది. చార్మినార్ ఉన్న వైపే పర్షియన్ అంకెల్లో హిజ్రీ సంవత్సరం ఉంటుంది, దాన్ని ఫోటో తీసి పెట్టండి, చదివి చెప్తాను.

ఊరి గుర్తున్న నాణెం అంటే నా దృష్టిలో మన తెలుగువాళ్ళకి దీన్ని మించింది లేదు. ఇవాళ టూరిస్టుల కోసం కట్టడాల బొమ్మలు కొట్టి అమ్ముతున్నారు, ఇది మాత్రం జనం జేబుల్లో తిరిగిన డబ్బు. మహబూబ్ అలీ ఖాన్ చివరి ఏళ్ళలో యంత్రంతో కొట్టడం మొదలయ్యాక చార్మినార్ దీని మీదకి వచ్చింది. బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేవాళ్ళు, దీన్ని హాలీ సిక్కా అనేవాళ్ళు. ఏడు హాలీ రూపాయలు ఇస్తే ఆరు కల్దార్ వచ్చేవి. రూపాయి అందకపోతే రెండణాలు, నాలుగణాల వెండి నాణేల మీద కూడా చార్మినార్ ఉంది, పిల్లాడి ఆల్బమ్‌కి అవి చాలు.

కొక్కెం అతికించిన మచ్చ ఉన్న రూపాయిలు కూడా వస్తుంటాయి. లంబాడీ ఆడవాళ్ళు దండల్లో వేసుకున్నవి చాలా ఉన్నాయి. డీలర్లు వాటికి ధర తగ్గిస్తారు, నాకైతే అలాంటివే ఇష్టం, అది నా తిక్క అనుకోండి.

లెక్కల మాస్టారు:

పాతచిల్లర గారు చెప్పింది బాగుంది. నేను ఇంకో సంగతి చెప్తాను, ఎందుకంటే పిల్లలు యూట్యూబ్ చూసి పాడైపోతున్నారు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయలు, 10 రూపాయల నాణేలు 2012లో వచ్చాయి, అవుంటే లక్షలిస్తాం అని వీడియోలు. మా బంధువుల్లోనే ఒకాయనకి 'మీ నాణేనికి కొనేవాళ్ళు రెడీ, ముందు జీఎస్టీ కట్టండి' అని ఫోన్ వచ్చింది, ఆ నంబర్ బ్లాక్ చేయించేసరికి మా తల ప్రాణం తోకకి వచ్చింది. రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే హెచ్చరిక ఇచ్చింది, పాత నోట్లూ నాణేల కొనుగోళ్ళతో తమకే సంబంధం లేదు, తమ పేరు చెప్పి కమీషన్లూ ఛార్జీలూ అడిగితే ఇవ్వొద్దు అని. పిల్లాడికి ఆ నాణెం చిల్లరలో దొరికితే ఆల్బమ్‌లో పెట్టుకోమనండి, లక్షాధికారి అయిపోతానని కలలు మాత్రం కననివ్వకండి.

తక్కువ ఖర్చు అడిగారు కదా. చిల్లరలో వెతికితే దొరికే అవకాశం ఉన్నవి కొన్ని ఉన్నాయి. తంజావూరు బృహదీశ్వరాలయానికి వెయ్యేళ్ళు నిండాయని 2010లో వచ్చిన 5 రూపాయలది, పార్లమెంటుకి అరవై ఏళ్ళని 2012లో వచ్చిన 5 రూపాయలది, పూరీ నవకళేబర ఉత్సవానికి 2015లో వచ్చిన 10 రూపాయలది. కిరాణా కొట్టు ఆయనతో మంచిగా ఉంటే గల్లాపెట్టె చూడనిస్తాడు. ఇంకా నయం, నోట్ల వెనక వైపు చూడమనండి. పదికి కోణార్క్ చక్రం, ఇరవైకి ఎల్లోరా, యాభైకి హంపి రాతి రథం, వందకి గుజరాత్‌లోని రాణీ కీ వావ్ మెట్లబావి, రెండొందలకి సాంచి స్తూపం, ఐదొందలకి ఎర్రకోట. కలిపితే 880 రూపాయలు, ఆ డబ్బు ఎక్కడికీ పోదు, అవసరమైతే ఖర్చుపెట్టేసుకోవచ్చు. హంపి చూపించి రాయలవారి సంగతి మొదలుపెడితే ఒక ఆదివారం గడిచిపోతుంది.

ఎడిసన్ బాబాయ్:

ఇక్కడ అమెరికాలో మా దగ్గర పిల్లలకి ఈ పిచ్చి ఇంకా ఎక్కువ. జూకి వెళ్ళినా మ్యూజియంకి వెళ్ళినా ఒక మూల చేతితో తిప్పే మెషిన్ ఉంటుంది, రెండు క్వార్టర్లూ (పావు డాలర్లు) ఒక పెన్నీ (ఒక సెంటు) వేసి తిప్పితే పెన్నీ సాగిపోయి దాని మీద ఆ చోటి బొమ్మ పడుతుంది. 1893 చికాగో ఎగ్జిబిషన్ నాటి నుంచీ ఉన్న అలవాటు ఇది. కిటుకేంటంటే 1982కి ముందు పెన్నీ వేయాలి. అవి దాదాపు అంతా రాగి. తర్వాతవి లోపల జింకు, పైన రాగి పూత మాత్రమే, సాగదీస్తే పూత చిరిగి బూడిదరంగు చారలు బయటపడతాయి. మావాడు కార్‌లో పాత పెన్నీల డబ్బా ఒకటి ప్రత్యేకంగా పెట్టుకుని తిరుగుతాడు.

ఇది చదివి మన రూపాయితో అక్కడ ఎవరూ ప్రయోగాలు చేయకండి. నాణేల చట్టం 2011 ప్రకారం నాణేన్ని కరిగించడం, పాడుచేయడం నేరం, ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. ఇక్కడ మోసం చేసే ఉద్దేశం లేకపోతే ఎవరూ పట్టించుకోరు.

క్వార్టర్లయితే ఇంకా సులువు. 1999 నుంచి 2008 దాకా రాష్ట్రానికొకటి, 2010 నుంచి 2021 దాకా నేషనల్ పార్కులూ చారిత్రక స్థలాలూ కలిపి 56 రకాలు. అన్నీ మామూలు చిల్లరలో వచ్చినవే. వాటిలో 2019, 2020 సంవత్సరాలవి కొన్ని వెస్ట్ పాయింట్ మింట్‌లో కొట్టి, చిన్న డబ్ల్యూ గుర్తు వేసి, రకానికి ఇరవై లక్షలే వదిలారు. మా పిల్లలు కాఫీ కొట్లో చిల్లర ఇవ్వగానే ముందు ఆ గుర్తు కోసమే చూస్తారు.

పాతచిల్లర గారూ, ఈసారి వచ్చినప్పుడు చార్మినార్ రూపాయి ఒకటి ఇక్కడికి తెచ్చుకోవచ్చా?

పాతచిల్లర:

బాబాయ్, సంవత్సరం చూసుకోండి. వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు కిందకి వస్తుంది, దేశం దాటించకూడదు. ఇంట్లో తాతగారిదైనా అంతే. ఎయిర్‌పోర్టులో టెన్షన్ ఎందుకు, ఇక్కడే అన్నయ్య దగ్గర ఉంచేయండి.

కృష్ణాతీరం:

అందరికీ థాంక్స్ అండి. బంగారం కొట్టు చేసే ఫ్రెండ్ దగ్గర తూకం వేయించాను. 9.4 గ్రాములు ఉంది, నీళ్ళలో వేలాడదీస్తే 1.08 చూపించింది. ద్వారంలో అక్షరం ఉండాల్సిన చోట ఏదో చిన్న బొడిపె ఉంది, అంతే. మావాడు మాత్రం పరీక్ష చేసినందుకే తెగ సంబరపడిపోతున్నాడు, ఇంట్లో ఉన్న వెండి కుంకుమ భరిణె కూడా నీళ్ళలో ముంచుతానంటున్నాడు, వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. మరి మింట్ నాణేల సంగతి ఎవరూ చెప్పలేదు?

పాతచిల్లర:

9.4ని 1.08తో భాగిస్తే 8.7. జర్మన్ సిల్వరే. మీ తోడల్లుడికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇంటి రాజకీయం, నేను తలదూర్చను.

మింట్ విషయానికొస్తే, ఎన్టీఆర్ శతజయంతికి 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో విడుదల చేసిన వంద రూపాయల నాణెం, అదే ఏడాది కొత్త పార్లమెంటు భవనానికి వచ్చిన 75 రూపాయలది, రెండూ 44 మిల్లీమీటర్ల వెడల్పువే, లోహం సగం వెండి, 40 శాతం రాగి, మిగతా పది నికెలూ జింకూ. ఇవి చలామణీ కోసం వేసినవి కావు, దాచుకునేవాళ్ళ కోసం పెట్టెలో పెట్టి అమ్ముతారు. కాబట్టి మీద రాసిన విలువకీ అమ్మే ధరకీ పొంతన ఉండదు. వెండి, పని, పెట్టె, పేరు, అన్నీ కలిపి ధర. అభిమానం ఉంటే కొనుక్కోండి, పెట్టుబడి అని మాత్రం కొనకండి. మీవాడు కట్టడాలే కావాలంటున్నాడు కాబట్టి ఎన్టీఆర్‌ది ఎలాగూ ఆ ఆల్బమ్‌లోకి రాదు. పార్లమెంటుది కావాలా, లేక పోర్ట్‌బ్లెయిర్‌లో నేతాజీ జెండా ఎగరేసినదానికి 75 ఏళ్ళని 2018లో సెల్యులార్ జైలు బొమ్మతో వచ్చిన 75 రూపాయలది కావాలా అన్నది వాడినే అడగండి. నన్నడిగితే రెండోది. కొంటే మింట్ వెబ్‌సైట్‌లోనో, బిల్లు ఇచ్చే డీలర్ దగ్గరో కొనండి.

హైదరాబాద్ వస్తే సైఫాబాద్ పాత టంకశాల చూపించండి. చర్లపల్లికి మారకముందు నాణేలు కొట్టింది అక్కడే, ఇప్పుడు మ్యూజియం చేశారు. ఇప్పటి నాణేల్లో సంవత్సరం కింద చిన్న చుక్కగుర్తు, అంటే ఐదు మూలల నక్షత్రం, ఉంటే అది హైదరాబాద్‌లో కొట్టింది. డైమండ్ ఉంటే ముంబై, గుండ్రటి బొట్టు ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఇంట్లో ఉన్న చిల్లరంతా ముందు ఈ గుర్తుల ప్రకారం వేరు చేయమనండి.

ఆల్బమ్ కొనేటప్పుడు మెత్తటి పీవీసీ కవర్లున్నది వద్దు, కొన్నేళ్ళకి నాణేనికి పచ్చటి జిగురు పడుతుంది. చింతపండుతో తోమే పని అస్సలు పెట్టుకోవద్దని మీ ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా చెప్పండి.