ఫుట్‌బాల్ షూట్ చేస్తేనే కుడి గజ్జలో నొప్పి: ఎమ్మారై తీయించాలా?

మాది నల్లగొండ. మా తమ్ముడికి 19 ఏళ్లు, ఫుట్‌బాల్‌లో స్ట్రైకర్ (గోల్స్ కొట్టే ఆటగాడు). ఈ ఏడాదే ఒక క్లబ్‌తో మొదటి ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ కుదిరింది. సీజన్ అయ్యాక ఇంటికొచ్చి, ఆరు వారాల కింద మేకల అభినవ్ స్టేడియంలో షూటింగ్ ప్రాక్టీస్ చేస్తుంటే కుడి గజ్జలో పట్టేసింది.

నడిచినా, నెమ్మదిగా పరుగెత్తినా ఏమీ ఉండదు. కుడికాలి లోపలి వైపుతో గట్టిగా తన్నినా, పరుగులో ఒక్కసారిగా పక్కకు తిరిగినా చురుక్కుమంటుంది. మోకాళ్ల మధ్య బంతి పెట్టి నొక్కితే అదే చోట నొప్పి. ఆడిన మర్నాడు పొద్దున బిగుసుకుపోయి, అరగంటలో సర్దుకుంటుంది. వాపు లేదు, దగ్గితే నొప్పి లేదు.

మొదటి రెండు వారాలు పూర్తి రెస్ట్, ఐస్. తగ్గిందనుకుని బంతి తన్నితే మూడో రోజుకే తిరగబెట్టింది. ఎక్స్‌రేలో ఎముకకు ఏమీ లేదన్నారు. అప్పటి నుంచి నాలుగు వారాలుగా ఇక్కడి ఫిజియో చెప్పినట్టు కోపెన్‌హేగన్ ఎక్సర్‌సైజ్ (తొడ లోపలి కండరాలకు బలమిచ్చేది) వారానికి మూడుసార్లు చేస్తున్నాడు. పరుగు బాగుపడింది, కానీ 20 షాట్లు దాటితే మళ్లీ నొప్పే. ఒకరు ఇంజెక్షన్ చేయించమన్నారు. ఈ వయసులో నొప్పి తెలియకుండా చేసి ఆడించడం నాకు ఇష్టం లేదు.

చెబితే పక్కన పెడతారని వాడి టెన్షన్. నచ్చజెప్పి క్లబ్ ఫిజియోకి చెప్పించాను, క్యాంప్‌లో చూస్తామన్నారు. ప్రీ సీజన్ క్యాంప్‌కి ఇంకా ఐదు వారాలుంది.

ఈ నొప్పి నుంచి కోలుకున్న ఆటగాళ్లు, చూసిన ఫిజియోలు చెప్పండి: ఈ ఐదు వారాలు ఇదే ఎక్సర్‌సైజ్ కొనసాగించాలా, ముందు ఎమ్మారై తీయించాలా?