పది ఇంగ్లిష్: ఫిబ్రవరి నుంచి పాఠం ఆపేసి పేపర్లే రాయించాలా?

సుద్దముక్క (చర్చ మొదలుపెట్టినవారు):

నమస్కారం. హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లిష్ చెప్పే స్కూల్ అసిస్టెంట్‌ని (ఉపాధ్యాయురాలిని). సంక్రాంతి సెలవుల తర్వాత జరిగిన సమావేశంలో మా ప్రధానోపాధ్యాయులు తేల్చి చెప్పారు: ఫిబ్రవరి నుంచి పదో తరగతికి పాఠాలు ఉండవు, రోజుకో పాత ప్రశ్నపత్రం రాయించాలి, లేఖలు, డైరీలు, జీవిత పరిచయాలు జాబితా వేసి బట్టీ పట్టించాలి. ఫలితం తగ్గితే సంజాయిషీ రాయాల్సింది ఆయనే కాబట్టి ఆయన భయం నాకు అర్థమవుతుంది.

కానీ నా తరగతిలో చాలామంది ప్రశ్నపత్రంలోని పేరాను సొంతంగా చదివి అర్థం చేసుకోలేరు. ఇళ్ళలో కొందరు ఉర్దూ, కొందరు హిందీ, కొందరు లంబాడీ మాట్లాడతారు. తెలుగులో వివరించినా అందరికీ చేరదు. అలాంటి పిల్లలచేత రోజూ పేపరు రాయిస్తే చేతిరాత బాగుపడవచ్చు, ఇంగ్లిష్ మాత్రం రాదు. అలాగని 80కి పాస్ మార్కు 28 రాకపోతే వాళ్ళ గతేమిటి? మీ బడుల్లో ఏం చేస్తున్నారో చెప్పండి.

నిమిషాల ముల్లు:

ఆదర్శాల గురించి జూన్‌లో మాట్లాడుకుందాం మేడమ్, ఫిబ్రవరిలో కాదు. నేను ప్రైవేటు బడిలో చెబుతాను. మాకు సిలబస్ డిసెంబరుకే అయిపోతుంది. జనవరి నుంచి స్లిప్ టెస్టులు (చిన్న పరీక్షలు), గ్రాండ్ టెస్టులు (పూర్తి పేపర్లు) తప్ప మరేమీ ఉండవు. ఇంగ్లిష్ రాక మార్కులు పోగొట్టుకున్నవాళ్ళ కంటే సమయం చాలక పోగొట్టుకున్నవాళ్ళనే నేను ఎక్కువగా చూశాను. ఉదయం తొమ్మిదిన్నరకు కూర్చుంటే పన్నెండున్నరకు లేవాలి. పేరా చదవడానికి ఎంతసేపు, లేఖకు ఎంతసేపు అన్న లెక్క పేపరు రాస్తేనే ఒంటబడుతుంది. మీ ప్రధానోపాధ్యాయులు చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరైనదే.

ఎర్రకలం:

నూటికి నూరు అనకండి సార్. పది జవాబు పత్రాలు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌లో చాలా ఏళ్ళు కూర్చున్నవాణ్ణి, బట్టీ పట్టిన జవాబు ఎలా ఉంటుందో నాకు తెలుసు. మామయ్య పెళ్ళి విశేషాలు స్నేహితుడికి రాయమని ప్రశ్న. జవాబు పత్రంలో జ్వరం వచ్చింది, రెండు రోజులు సెలవు ఇప్పించండి అని ప్రధానోపాధ్యాయుడికి వేడుకోలు! తేదీ, సంబోధన, సంతకం సరిగ్గా ఉన్నాయని ఏదో ఒకటి వేస్తాం. అంతకు మించి ఏం వేయగలం?

జీవిత పరిచయం సంగతి చూడండి. వివరాలు ముక్కలుగా ఇచ్చి పేరాగా రాయమంటారు. బడిలో అబ్దుల్ కలాం మీద బట్టీ పట్టించారనుకుందాం: పుట్టింది 1931, ఊరు రామేశ్వరం, 'హి వజ్ బార్న్' అంటూ సాగుతుంది. పరీక్షలో పి.వి. సింధు వచ్చింది: పుట్టింది 1995, ఊరు హైదరాబాద్, రియోలో రజతం, టోక్యోలో కాంస్యం. పిల్లవాడు ఏడూ, ఊరూ మారుస్తాడు. కానీ సింధును చివరిదాకా 'హి' అనే రాస్తాడు, ఆమెచేత రాకెట్లు కూడా ప్రయోగింపజేస్తాడు. ఇది తెలివితక్కువ పిల్లవాడు చేసే పని కాదు, బాగా బట్టీ పట్టిన పిల్లవాడు చేసేది.

అయితే మేడమ్, పేపర్లు అసలు వద్దని నేననను. ఖాళీగా వదిలేసిన పేజీలు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. పరీక్ష కాగితం రూపం ముందే తెలిసిన పిల్లలు కనీసం కలం కదుపుతారు.

తార్నాక:

ఇక్కడి ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) పరిశోధన చేస్తున్నాను. పరీక్ష తీరు బోధనను తన వైపు లాక్కోవడాన్ని మా రంగంలో వాష్‌బ్యాక్ అంటారు. ఆల్డర్సన్, వాల్ అనే ఇద్దరు 1993లో దీని మీద రాసిన వ్యాసం ఇప్పటికీ చర్చలో ఉంది. పరీక్ష మార్చగానే బోధన దానంతటదే మంచికో చెడుకో మారిపోతుందన్న నమ్మకానికి తగిన ఆధారాలు లేవని వాళ్ళ వాదన. మధ్యలో ఉపాధ్యాయులు ఉన్నారు కదా.

రెండోది, రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగం. ఒక పేరాను మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళ కంటే, చదివాక పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. కాబట్టి పరీక్షలు రాయించడమే తప్పు అనడానికి లేదు.

నిమిషాల ముల్లు:

చూశారా, మీ పరిశోధన నా వైపే ఉంది.

తార్నాక:

సగమే సార్. ఆ ప్రయోగంలో ఉన్నది కాలేజీ విద్యార్థులు, చదివింది అర్థమైనవాళ్ళు. అర్థం చేసుకున్నదాన్ని గుర్తు తెచ్చుకుంటే అది బలపడుతుంది. సుద్దముక్క గారి పిల్లల ఇబ్బంది అంతకు ముందు మెట్టు దగ్గర ఉంది. వాళ్ళు తెచ్చుకోవడానికి లోపల ఏముంది?

బోరబండ నాన్న:

మేడం గారూ, నేను ఆటో నడుపుతాను. మా పాప సర్కారు బడిలో పది చదువుతోంది. స్పెషల్ క్లాసులు అయ్యేసరికి సాయంత్రం అవుతుంది. బడిలో ఒకరోజు ఉడికించిన బొబ్బర్లు, ఒకరోజు పల్లీలూ బెల్లం పెడుతున్నారట, అది బాగుంది. నాకు ఇంగ్లిష్ రాదు. పాప తెచ్చే పేపర్ల మీద మార్కు ఒక్కటే ఉంటుంది, ఎర్ర గీత కూడా ఉండదు. పదకొండు వచ్చాయంటే ఎందుకు వచ్చాయో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. మర్నాడు ఇంకో పేపరు. గైడు కొనమంటే కొన్నాను. ఇంట్లో మేమేం చేయాలో ఎవరైనా చెబితే చేస్తాం.

ఎర్రకలం:

అన్నా, ఈ చర్చలో అసలైన మాట మీరే అన్నారు. రోజుకో పేపరు రాయిస్తే ఉపాధ్యాయుడు దిద్దలేడు. నలభై మంది రాసిన పేపర్లు ఒక్క సాయంత్రంలో చదివి తప్పులు గుర్తించడం మనిషి వల్ల కాదు. అందుకే మార్కు వేసి ఇచ్చేస్తారు. దిద్దని పేపరుతో పిల్లవాడు తన తప్పును ఇంకో రోజు సాధన చేస్తాడు, అంతే. రోజుకో పేపరు మీద నాకున్న అసలు అభ్యంతరం ఇదే. పాఠం ఆగిపోతుందన్న బాధ దీని తర్వాతే.

మేడమ్, నేను చేయించిన పద్ధతి చెబుతాను, మీ తరగతికి ఎంత పనికొస్తుందో చూసుకోండి. వారానికి ఒక్క పూర్తి పేపరు, శనివారం, మూడు గంటలూ గడియారం పెట్టి. ఆదివారం అన్నీ దిద్దను. ఎక్కువమంది చేసిన తప్పులు రెండో మూడో పట్టుకుంటాను. సోమవారం నుంచి ఆ తప్పుల మీదే పాఠం. సాధారణంగా మొదట దొరికేది క్రియ స్థానం. 'ఐ స్కూల్ గో' అని రాస్తారు. తెలుగులోనూ, ఉర్దూలోనూ, హిందీలోనూ క్రియ చివరే వస్తుంది కాబట్టి ఏ ఇంటి పిల్లలైనా ఇదే తప్పు చేస్తారు. మీ తరగతిలో అందరికీ కలిసొచ్చే భాష లేదన్నారు కదా, తప్పు మాత్రం అందరికీ ఉమ్మడిదే. అక్కడ పట్టుకోండి.

ఇక జీవిత పరిచయానికి కలాం ఒక్కరే వద్దు. మూడు వాక్యాల సాంచా ఇచ్చి, దానిలో ఒకరోజు కలాం, ఒకరోజు సింధు, ఒకరోజు వాళ్ళ అమ్మమ్మ. అమ్మమ్మ గురించి రాయమంటే ఏ గైడులోనూ దొరకదు, తప్పకుండా ఆలోచించాలి. లేఖకు చట్రం మాత్రం బట్టీ పట్టించండి, దానికి సిగ్గుపడనక్కరలేదు. లోపలి విషయం బట్టీ పట్టించకండి.

అన్నా, ఇంట్లో మీ పాపను రోజూ ఒక పేరా బయటికి చదివి, దానిలో ఏముందో మీకు ఇంటి భాషలో చెప్పమనండి. మీకు ఇంగ్లిష్ రాకపోవడమే అక్కడ మేలు, ఆమె నిజంగా వివరించాల్సి వస్తుంది. అర్థం కాని చోట నసుగుతుంది చూడండి, అక్కడ పెన్సిలుతో గీత పెట్టి మర్నాడు టీచరును అడగమనండి.

నిమిషాల ముల్లు:

శనివారానికి ఒకటి చొప్పున మార్చి దాకా ఎన్ని పేపర్లు అవుతాయి సార్? ఏడో ఎనిమిదో. మా పిల్లలు ఆ సంఖ్యను జనవరిలోనే దాటేస్తారు. మా ఫలితాలు చూసి మాట్లాడండి.

ఇంటర్ మొదటి ఏడు:

సార్, నేను అలాంటి బడిలోనే చదివాను. పదిలో ఇంగ్లిష్‌కు మంచి మార్కులే వచ్చాయి. ఇప్పుడు ఇంటర్‌లో ఇంగ్లిష్‌కు కూడా ప్రాక్టికల్స్ ఉన్నాయి, 2023-24లో పెట్టారు. మేడమ్ ఒక విషయం ఇచ్చి మాట్లాడమంటే, పదిలో బట్టీ పట్టిన ఉపన్యాసం మొదటి వాక్యం ఒక్కటే నోట్లోంచి వచ్చింది. గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు అని. ఆ గదిలో ప్రధానోపాధ్యాయులే లేరు.

నిమిషాల ముల్లు:

నవ్వు వచ్చింది బాబూ, కానీ ఆ మార్కులతోనే కదా నీకు కాలేజీలో సీటు దొరికింది.

గంట మోగింది:

ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. అందరూ ఆ కుర్చీలో ఉన్నాయన్ని ఆడిపోసుకుంటున్నారు కాబట్టి రెండు మాటలు. 2025లో రాష్ట్రం మొత్తం ఉత్తీర్ణత 92.78 శాతం. అంతకంటే తక్కువ వచ్చిన ప్రతి బడి పెద్దనూ పిలిచి అడుగుతారు, పిల్లలు ఏ స్థాయిలో చేరారని ఎవరూ అడగరు. 2022-23లో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఒక్కసారిగా ఇంగ్లిష్ మీడియం తెచ్చారు. ఆ ఏడాది ఎనిమిదిలో ఉన్నవాళ్ళు 2025 మార్చిలో పది రాశారు. ఏడు దాకా తెలుగులోనో ఉర్దూలోనో చదివిన పిల్లలకు గణితం, సైన్సు కూడా ఇంగ్లిష్‌లోనే. పదో తరగతి పత్రంలో మాత్రం ఇంగ్లిష్ ఇప్పటికీ తృతీయ భాష! దానికి తోడు 2024 నవంబరులో, బడిలోనే వేసే 20 ఇంటర్నల్ మార్కులు ఎత్తేస్తున్నాం, పరీక్ష నూటికే అన్నారు, వెంటనే ఆ ఏడాదికి పరీక్షకు 80, ఇంటర్నల్‌కు 20 పద్ధతే ఉంటుందన్నారు. విద్యా సంవత్సరం సగం దాటాక! అలాంటి అయోమయంలో ఎవరైనా చేతికి దొరికిన పాత పేపర్ల కట్టనే పట్టుకుంటారు.

అయినా ఎర్రకలం గారి మాటే నాదీ. మేడమ్, ప్రధానోపాధ్యాయుడి దగ్గరికి సిద్ధాంతంతో వెళ్ళకండి. దిద్దిన పేపర్లు పది పట్టుకెళ్ళి, ఒకే తప్పు పదింటిలోనూ చూపించండి. నన్నెవరైనా అలా అడిగి ఉంటే కాదనేవాణ్ణి కాదు.

సుద్దముక్క:

అందరికీ ధన్యవాదాలు. పేపర్లు పట్టుకుని వెళ్ళాను. పది కాదు, తరగతి మొత్తం. శనివారం పూర్తి పేపరు, మిగతా రోజులు తప్పుల మీద పాఠం అన్నదానికి ప్రీ ఫైనల్ (అసలు పరీక్షకు ముందు బడిలో పెట్టే పరీక్ష) దాకా ఒప్పుకున్నారు. మార్కులు తగ్గితే మళ్ళీ రోజుకో పేపరే అన్నారు. అసలు చదవలేని పదిమందిని మాత్రం పేపరు నుంచి పక్కకు తీసి, అభ్యాసదీపిక అనే సాధన పుస్తకంలోని చిన్న పేరాలతో రోజూ విడిగా కూర్చోబెడతానన్నాను. దానికి ఆయన ఇంకా ఏమీ అనలేదు. నిమిషాల ముల్లు గారూ, సమయం గురించి మీరు చెప్పింది తీసుకున్నాను. శనివారం గోడ గడియారం తరగతిలో పెడుతున్నాను.

నిమిషాల ముల్లు:

సంతోషం మేడమ్. ఆ పదిమందికీ శనివారం కూడా విడి పాఠమేనా? వాళ్ళూ మార్చిలో అదే హాలులో కూర్చుంటారు కదా. పక్కకు తీస్తే మొదటి గంటకే లేచి వచ్చేస్తారు.

ఎర్రకలం:

ఇది మాత్రం ఆయన చెప్పిందే వినండి మేడమ్. శనివారం అందరినీ కూర్చోబెట్టండి.