కతోలిక పీఠాధిపతి పదవి కలెక్టరు ఉద్యోగం వంటిదేనా?

ప్రశ్న: అనంతపురం మాస్టారు

మాది సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అనే ప్రొటెస్టెంటు సంఘానికి చెందిన కుటుంబం. మా రెండవ అమ్మాయిని నంద్యాల దగ్గరి ఒక పల్లెలో కతోలిక కుటుంబానికి ఇచ్చాము. వచ్చే నెలలో ఆ ఊరి గుడికి పీఠాధిపతి గారు (కతోలికుల బిషపు) వచ్చి పిల్లలకు భద్రమైన అభ్యంగనం (నుదుట తైలం పూసి విశ్వాసంలో స్థిరపరచే సంస్కారం, కన్ఫర్మేషన్) ఇస్తారని, వారిలో మా మనుమడు కూడా ఉన్నాడని కబురు వచ్చింది. ఇప్పటినుంచే గుడికి సున్నం వేస్తున్నారు, తప్పెట్లవారికి బయానా కూడా ఇచ్చారు. మా వియ్యంకులవారు ఫోనులో నాలుగు మాటలు మాట్లాడితే అందులో మూడు "మేత్రాణులవారు" (పీఠాధిపతిని వాళ్ళు అలాగే అంటారు) గురించే ఉంటున్నాయి.

మా సంఘంలో బిషపు కావాలంటే డయాసిస్ (ఒక బిషపు కింద ఉండే ప్రాంతం) కౌన్సిల్ సభ్యులు ఓట్లు వేసి కొన్ని పేర్లు పంపిస్తే, సినడ్ (సంఘమంతటికీ పై సభ) వారు అందులోనుంచి ఒకరిని నియమిస్తారు. ఆయనకు భార్యాబిడ్డలు ఉంటారు. కతోలికుల పీఠాధిపతికి ఓట్లూ లేవు, సంసారమూ లేదు. మా స్కూల్లో ఒక సహోద్యోగి "కలెక్టరు లాగే పైనుంచి వేస్తారు, మూడేళ్ళకు బదిలీ చేస్తారు" అని తేల్చి చెప్పారు. అది నిజమేనా? ఆ ఊళ్ళోనే ఉండే గురువు గారు (ఫాదర్) చేయలేని పని ఏముందని ఇంతమంది పిల్లలు ఆయన కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి?

జవాబు: హంద్రీ ఒడ్డు, కర్నూలు

మాస్టారూ, వయసులో ఉన్నప్పుడు నాలుగేళ్ళు గురువిద్యాలయంలో (గురువులను తయారుచేసే సెమినరీలో) చదివి బయటికి వచ్చేసినవాడిని కాబట్టి నియమాల వరకు నేను చెప్పగలను. మీ సహోద్యోగి పోలిక సగమే సరిపోతుంది. నియామకం పైనుంచే జరుగుతుంది: ఢిల్లీలో ఉండే పాపుగారి (పోపు) రాయబారి ఈ ప్రాంతపు పీఠాధిపతులను, కొందరు గురువులను, గృహస్థులను రహస్యంగా విచారించి మూడు పేర్లు రోముకు పంపిస్తారు, తుది మాట పాపుగారిది. తమను అడిగారన్న సంగతి కూడా వారు బయట చెప్పకూడదు. అయినా మన టీ అంగళ్ళలో పేర్లు తిరుగుతూనే ఉంటాయి, అవి చాలాసార్లు తప్పుతూనే ఉంటాయి. అభ్యర్థికి కనీసం 35 ఏళ్ళు ఉండాలి, గురువై కనీసం 5 ఏళ్ళు గడిచి ఉండాలి.

ఇక బదిలీ మాట. విచారణ (ఒక గురువు చూసుకునే గుడి, దాని పరిధి) గురువులకు బదిలీలు ఉంటాయి, వాటిని చేసేది పీఠాధిపతే. ఆయనకు మాత్రం గడువంటూ లేదు, 75 ఏళ్ళు నిండినప్పుడు రాజీనామా పాపుగారికి సమర్పిస్తారు. పూల ఆంథోని గారినే చూడండి. పాత కర్నూలు జిల్లాలోని చిందుకూరులో 1961లో పుట్టి, 1992లో కడప మేత్రాసనానికి (ఒక పీఠాధిపతి కింద ఉండే ప్రాంతం) గురువై, 2008లో కర్నూలు పీఠాధిపతి అయి, పన్నెండేళ్ళు ఇక్కడే ఉన్నారు. 2020లో హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా, 2022లో కార్డినల్‌గా నియమితులయ్యారు. తెలుగువారిలో మొదటి కార్డినల్, దేశంలో దళిత కుటుంబాలనుంచి వచ్చిన మొదటి కార్డినల్ ఆయనే. దీన్ని ప్రమోషన్ అనుకునేవారున్నారు గాని, కార్డినల్ అయినంత మాత్రాన బలిపూజలోగాని (గుడిలో చేసే మాస్) అభ్యంగనంలోగాని అదనంగా వచ్చే శక్తి ఏమీ లేదు. పాపుగారికి సలహాదారుగా ఉండటం, 80 ఏళ్ళ లోపు వయసులో ఉంటే కొత్త పాపును ఎన్నుకునే సభలో కూర్చోవడం, అంతే. 2025 మే నెలలో ఆయన ఆ సభలో కూర్చున్నారు.

కలెక్టరుకు లేని నిర్బంధాలు కూడా కొన్ని ఉన్నాయి. ఆదివారాల్లోనూ పెద్ద పండుగల్లోనూ తన మేత్రాసన ప్రజలందరి కోసం బలిపూజ చేయాలి. సొంత కారణాలపై ఏడాదికి నెలకు మించి మేత్రాసనం విడిచి ఉండకూడదు. అయిదేళ్ళలో అన్ని విచారణలనూ స్వయంగాగాని, వీలుకానప్పుడు తన ప్రతినిధి ద్వారాగాని చూసి రావాలి. కర్నూలు మేత్రాసనం 1967లో ఏర్పడింది, మీ అనంతపురం కూడా దీని కిందిదే. హిందూపురం ఎండల్లోనుంచి శ్రీశైలం అడవుల దాకా ఆ అయిదేళ్ళ లెక్క తీర్చడం ఎంత పనో మీరే ఊహించుకోండి.

జవాబు: బద్వేలు ఉపదేశి

పై మిత్రులు నియమాలు చక్కగా చెప్పారు. నేను చదువుకున్నది తక్కువ, కాని ముప్పై ఏళ్ళకు పైగా ఉపదేశిగా (గురువుకు తోడుగా ఊళ్ళో మతపాఠాలు చెప్పేవాడిగా) ఉన్నాను. గురువు గారు చేయలేనిది ఏముందన్న మీ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు నూనెలో ఉంది.

ప్రతి ఏడాదీ ఈస్టరు ముందు వారంలో మేత్రాసన గురువులందరూ పీఠాధిపతి గుడిలో చేరి ఆయనతో కలిసి బలిపూజ చేస్తారు. ఆ రోజు ఆయన మూడు తైలాలు సిద్ధం చేస్తారు: జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందబోయేవారికి ఒకటి, రోగులకు ఒకటి, ఆలివ్ నూనెలో సుగంధ ద్రవ్యం కలిపి ఆయన ఊపిరి ఊది ప్రతిష్ఠించే క్రిస్మా తైలం ఒకటి. ఈ మూడవది పీఠాధిపతి తప్ప మరొకరు ప్రతిష్ఠించరాదు. ఒక సంవత్సరం మా గురువు గారికి జ్వరం వచ్చి, కడపకు వెళ్ళి మా విచారణ వంతు తీసుకురావలసిన పని నా మీద పడింది. బొటనవేలంత సీసాలు మూడింటిని తువాలులో చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. సిద్ధవటం దాటేసరికి పక్క సీటు పెద్దాయన "ఏం సామీ, అత్తరా?" అని అడిగాడు, మూత కొంచెం వదులైనట్టుంది.

భద్రమైన అభ్యంగనంలో పీఠాధిపతి గారు ఈ తైలంతోనే పిల్లవాడి నుదుటిమీద బొటనవేలితో సిలువ గుర్తు వేస్తారు. ఆయన అనుమతి ఇస్తే గురువు కూడా ఇవ్వవచ్చు, కాని ఆయనే వచ్చి ఇవ్వడం మొదటినుంచీ ఉన్న పద్ధతి. నూరుమంది పిల్లలైతే ఆయన బొటనవేలు నూనెతో నానిపోతుంది. అందుకని ఒక పళ్ళెంలో కోసిన నిమ్మచెక్కలు, రొట్టె ముక్క, నీళ్ళ చెంబు సిద్ధంగా పెడతాము. మా ఊళ్ళో రొట్టె దొరకని రోజున శనగపిండి పెట్టాను. ఆయన నవ్వి, అది ఇంకా మేలని శుభ్రంగా రుద్దుకున్నారు.

ఇంకొక సంగతి. ప్రతి బలిపూజలోనూ పాపుగారి పేరు తరువాత మా పీఠాధిపతి పేరు చెప్పి ప్రార్థిస్తాము. పీఠం ఖాళీ అయితే ఆ పేరు ఉండదు. కడపలో అలాంటి కాలం నేను చూశాను. ఆ చోటికి వచ్చేసరికి గురువు గారు అలవాటు కొద్దీ ఒక్క క్షణం ఆగేవారు, గుడిలో ఉన్నవాళ్ళమంతా ఆ ఖాళీని వినేవాళ్ళం. కలెక్టరు లేని జిల్లాలో మాకు అలా ఎప్పుడూ అనిపించలేదు.

మళ్ళీ ప్రశ్న: అనంతపురం మాస్టారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అభ్యంగన సమయంలో పిల్లవాడి భుజంమీద చెయ్యి వేసి ఒక పెద్దమనిషి నిలబడతారట. మనుమడు నన్ను నిలబడమంటున్నాడు, నాకూ ఆశగానే ఉంది. కుదురుతుందా?

జవాబు: బద్వేలు ఉపదేశి

కుదరదు మాస్టారూ, దాచి చెప్పడం నాకు చేతకాదు. జ్ఞానతండ్రిగా నిలబడేవారు తామూ భద్రమైన అభ్యంగనం పొందిన కతోలికులై ఉండాలి. వాళ్ళ మేనమామ వరుసవారెవరైనా ఉంటే వారిని అడగమనండి. దివ్యసత్ప్రసాదం (బలిపూజలో ఇచ్చే రొట్టె) పంచే దగ్గర మీరు చేతులు ఎదమీద కట్టుకుని వెళితే ఆశీర్వదిస్తారు. అయితే నిమ్మచెక్కల పళ్ళెం పట్టుకుని పీఠాధిపతి గారి పక్కన నిలబడేందుకు ఒక మనిషి కావాలి, దానికి ఏ నియమమూ అడ్డం లేదు. ఆ ఊరి ఉపదేశి గారికి ముందుగానే ఒక మాట చెప్పి ఉంచండి. అక్కడినుంచి పిల్లవాడి ముఖం అందరికంటే దగ్గరగా కనిపిస్తుంది.