అమ్మను మంచానికి కట్టేసిన ఆశ్రమం మీద ఎక్కడ ఫిర్యాదు చేయాలె? (హన్మకొండ)

కాజీపేట_పెద్దోడు:
అందరికీ నమస్తే. మా అమ్మకు 74 ఏండ్లు, మతిమరుపు జబ్బు. నేను, నా భార్య ఇద్దరం హైదరాబాద్‌ల నౌకరీ చేస్తం. 11 నెలల కింద హన్మకొండల ఒక ప్రైవేటు ఆశ్రమంల చేర్పించినం, నెలకు 14 వేలు. మొన్న ఆదివారం చెప్పకుండ పోయిన. అమ్మ గోడ దిక్కు తిరిగి పండుకొని ఉంది. చెయ్యి పట్టుకుంటే గుంజుకుంది. రెండు మణికట్ల చుట్టూ వేలెడు వెడల్పున కమిలిన గీత, ఒక పక్క తోలు లేచింది. మంచం కోడుకు చీర పేలిక ఇంకా వేలాడుతనే ఉంది. అడిగితే యజమాని "రాత్రి లేచి పడిపోతది, ఆమె మంచికే కట్టినం" అన్నడు. గట్టిగ అడిగితే "అంత ప్రేమున్నోళ్లు ఇంట్ల ఎందుకు పెట్టుకోలే? వదిలిపెట్టి పోయినందుకు మీ మీదనే కేసైతది" అన్నడు. ఆ మాటకు నా నోరు పెగల్లే. అమ్మను తీసుకొని జగిత్యాల, చెల్లె ఇంటికి వచ్చినం. నిజంగ మా మీద కేసైతదా?

రిటైర్డ్_సిస్టర్:
తమ్ముడూ, ముందు ఈ పూటే అమ్మను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకపో. కట్టేసిన దెబ్బలని డ్యూటీ డాక్టరుకు చెప్పి ఎంఎల్‌సీ (పోలీసు కేసుకు పనికొచ్చే గాయాల రికార్డు) రాయించు. కమిలిన గీత నాలుగైదు రోజుల్ల రంగు మారుతది, తర్వాత నువ్వు ఎంత చెప్పినా మాటే మిగులుతది. ఫోటోలు తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టు. ఇంకోటి, నడుము కింద, మడిమల దగ్గర చూసినవా? కట్టేసి పండబెట్టినోళ్లకు పడక పుండ్లు అక్కడనే మొదలైతయి. కదల్లేనోళ్లను రెండేసి గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలె. పడిపోతదని భయముంటే మంచం ఎత్తు తగ్గించి కింద పరుపు వేస్తరు, కట్టెయ్యరు.

కాజీపేట_పెద్దోడు:
చూసినం అక్కా. నడుము కింద రూపాయి బిళ్లంత పుండు ఉంది. చెల్లె ఏడుస్తుంది.

లా_చదివిన_పిల్ల:
అన్నా, నేను వరంగల్ కోర్టులో జూనియర్‌ని. ముందు మీ భయం సంగతి. యజమాని చెప్పింది 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల చట్టంలో 24వ సెక్షన్. అది పూర్తిగా వదిలించుకోవాలనే ఉద్దేశంతో పెద్దవాళ్లను ఎక్కడో విడిచిపోయినవాళ్లకు. శిక్ష 3 నెలల జైలు, లేదా 5 వేల జరిమానా, లేదా రెండూ. నెలనెలా డబ్బు కట్టి, వచ్చి చూసేవాళ్లకు అది ఎట్లా అంటుతుంది?

నిజానికి కేసు కావాల్సింది ఆ యజమాని మీదే. భారతీయ న్యాయ సంహిత 357వ సెక్షన్: నిస్సహాయులను చూసుకుంటానని ఒప్పందం చేసుకొని కావాలని చూసుకోకపోవడం నేరమే. దాంతో పాటు గాయపరిచినందుకు 115, నిర్బంధించినందుకు 127. ఫిర్యాదులో మూడూ రాయండి. మానసిక చికిత్సాలయాల్లో కూడా సిబ్బంది తక్కువున్నారని రోగిని కట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం 97వ సెక్షన్ చెప్తుంది. ఆసుపత్రికే లేని హక్కు ఆశ్రమానికి ఎక్కడిది?

పరిహారానికి జిల్లా వినియోగదారుల కమిషన్. జరిగిన రెండేళ్లలోపు వేయాలి. మీరు కట్టింది 1,54,000, 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. డబ్బు కట్టినవాళ్లు ఎక్కడ ఉంటే అక్కడ కూడా వేయొచ్చు. రసీదులు ఉన్నాయా?

పరకాల_అక్క:
రసీదు మాట వచ్చింది కాబట్టి చెప్త. మా అత్తమ్మ విషయంల మేం అక్కడనే దెబ్బతిన్నం. నెలనెలా ఇచ్చిన కాగితం మీద "విరాళం" అని రాసి ఉంది, మేం ఎన్నడూ చదువలే. తీరా అడిగితే "మేం సేవ ఉచితంగ చేస్తున్నం, మీరు దానం ఇచ్చిండ్రు" అన్నరు. ఉచిత సేవైతే వినియోగదారుల కేసు నిలువదన్నరు. మీరు ఫోన్‌పేల పంపితే ఆ చిట్టా తీసి పెట్టుకోండి, "అమ్మ నెల ఫీజు" అని పంపిన వాట్సాప్ మెసేజ్ ఉన్నా పనికొస్తది.

లా_చదివిన_పిల్ల:
అక్క చెప్పింది నూటికి నూరు నిజం. పోలీసు కేసుకు మాత్రం విరాళమా, ఫీజా అన్నది అడ్డు కాదు. స్టేషన్‌లో తీసుకోకపోతే పై అధికారికి పోస్టులో పంపండి, అప్పుడూ కదలకపోతే మెజిస్ట్రేట్ దగ్గరికి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి చేయండి. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఒక అర్జీ, జిల్లా సంక్షేమ అధికారికి ఇంకొకటి ఇచ్చి తనిఖీ అడగండి. అక్కడ సెలైన్లు, ఇంజెక్షన్లు ఇస్తుంటే జిల్లా వైద్యాధికారికి (డీఎంహెచ్‌ఓ) కూడా. మన దగ్గర నర్సింగ్ హోం అంటే చిన్న ఆసుపత్రి, ఆశ్రమం వేరు. బోర్డు మీద ఒకటి, లోపల ఇంకొకటి నడిపేవాళ్లు ఉన్నారు.

రాత్రి_ఆయా:
పేరు చెప్పను. ఇసుంటి దాంట్ల రెండేండ్లు పని చేసిన. రాత్రి ముప్పై మందికి ఎక్కువే, మేం ఇద్దరం. ఒకామె బాత్రూంల పడితే ఇంకొకామె గేటు దిక్కు పోతది. నేను గూడ కట్టిన. చున్నీతోని కట్టిన. ఒక ముసలామె "బిడ్డా, ఇప్పవా" అని తెల్లారేదాంక అడిగింది. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్ల ఉంది. అన్నా, నువ్వు ఆయాల మీద కోపం పెట్టుకోకు. పని మానేసినోళ్లను మంచిగ అడుగు, సాక్ష్యం చెప్తరు. డ్యూటీ రిజిస్టరు ఉంటది, ఆ రాత్రి ఎంతమంది ఉన్నరో అండ్ల తెలుస్తది. పోలీసులను ముందుగాల అది తీసుకొమ్మను, లేకుంటే మార్చి రాస్తరు.

కాజీపేట_పెద్దోడు:
అక్కా, నీకు చేతులెత్తి మొక్కుత. ఎంఎల్‌సీ అయ్యింది. ఫిర్యాదు ఇచ్చినం, రిజిస్టరు సంగతి అండ్ల రాసిన. ఇన్ని రోజులు నేనే తప్పు చేసిన అనుకొని నోరు మూసుకున్న, ఇగ మూసుకోను. ఒక్కటి మాత్రం అడగాలె. చీకటి పడంగనే అమ్మ రెండు చేతులు దగ్గరకు పెట్టి మా ముందు చాపుతుంది, కట్టుమని. ఏం చెయ్యాలె?

రిటైర్డ్_సిస్టర్:
ఆ చేతుల్ల ఏదన్నా పెట్టండి తమ్ముడూ. మెత్తటి తువ్వాల, కొంగు, ఏదైనా. చెల్లెను పక్కనే పండుకొని ఆ చెయ్యి పట్టుకోమను. దీపం ఆర్పొద్దు.