రొయ్యల గుంటల పక్కన నీటిపిల్లి: తేల్చుకోవడం, కాపాడుకోవడం ఎట్టా?

జమ్ముగట్టు:
విడవలూరు పక్క, బకింగ్‌హామ్ కాలవ దగ్గరి గుంటల్లో రాత్రిపూట చుక్కల పిల్లి తిరగతా ఉందని కావలివాళ్లు చెబుతున్నారు. లీజుదార్లు ఉచ్చు పెడతామంటున్నారు. ఇది ఫిషింగ్ క్యాట్ అనే నీటిపిల్లేనా? అయితే ఊళ్లో ఏం మొదలుపెట్టాలి? ఏదైనా కదిలితే దానంతటదే ఫోటో తీసే కెమెరా ఎక్కడ కట్టాలో కూడా చెప్పండన్నా.

బురదజాడ:
ముందే పేరు పెట్టేయొద్దు. మన రాష్ట్రంలో నీటిపిల్లికి గట్టి ఆధారాలున్నవి కోరింగ, కృష్ణా మడ అడవుల్లో. జమ్ములో తిరిగే జంగిల్ క్యాట్‌ని చూసి నీటిపిల్లి అనుకోవడం మామూలే. జంగిల్ క్యాట్‌కి కాళ్లు పొడుగు, ఒంటిమీద చుక్కలుండవు, చెవి కొసన నల్ల కుచ్చు. నీటిపిల్లి పొట్టికాళ్లతో బలంగా, బూడిద రంగులో ఉంటుంది. ఒంటిమీద చుక్కలు వరసగా సాగతాయి, తోక ఒంటి పొడవులో సగం కూడా ఉండదు, చెవుల వెనక తెల్ల మచ్చ. మగది 8 నుంచి 14 కిలోల దాకా తూగుతుంది.

జాడలో నాలుగు వేళ్లుంటేనే పిల్లి. ఐదు పడితే నీటికుక్కో, పునుగుపిల్లో. నీటిపిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు కాబట్టి మెత్తటి బురదలో గోటి గీత పడొచ్చు. అది చూసి కుక్క జాడ అని కొట్టిపారేయొద్దు. జాడ పక్కన స్కేలు పెట్టి నిలువునా ఫోటో తీయండి.

పోటుగీత:
కెమెరా కొనేముందు అటవీశాఖ రేంజి ఆఫీసులో అర్జీ ఇవ్వండి. ఊళ్లో కూడా చెప్పాలి. గట్ల మీదికి బహిర్భూమికి వెళ్లే ఆడవాళ్లు ఉంటారు. ఆ దారిలో కట్టొద్దు, మనుషుల ఫోటోలు పడితే అప్పుడే చెరిపేయండి. ఇది చేయకపోతే కెమెరా వారం కూడా నిలవదు.

కట్టేది గట్టు మలుపులోనో, తూము దగ్గరో. నేలకి అడుగు ఎత్తు, పిల్లి దారికి రెండు మూడు మీటర్ల దూరం. తూర్పు పడమర చూడకూడదు, ఎండ పడి వట్టి ఫోటోలతో కార్డు నిండిపోతుంది. ఎదురుగా ఊగే గడ్డి ఉన్నా అంతే. ఏ పిల్లి ఏదో చుక్కల్ని బట్టే గుర్తుపట్టాలి, ఆ అమరిక కుడిపక్క వేరు, ఎడమపక్క వేరు. అందుకే దారికి అటొకటి, ఇటొకటి, ఎదురెదురుగా కాకుండా కొంచెం పక్కకి జరిపి పెట్టాలి. అమావాస్య, పౌర్ణమి పోటు ఎంతవరకు వస్తుందో చూసి, ఆ గీతకి పైన కట్టండి. మూత రబ్బరు మీద ఒక్క ఇసుక రేణువు ఉన్నా ఉప్పునీళ్లు దిగతాయి. మూసేముందు గుడ్డతో తుడిచి, లోపల సిలికా జెల్ పొట్లం వేయండి.

తూముకాడ:
లీజుదార్లకు సూటిగా చెప్పండి. నీటిపిల్లి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు. జంగిల్ క్యాట్‌కీ రక్షణ ఉంది కాబట్టి, ఏ పిల్లైనా ఉచ్చు నేరమే. కరెంటు తీగ మనుషుల్ని కూడా తీసుకుపోతుంది.

భయపెట్టడం సగం పనే. చచ్చిన చేపల్ని, రొయ్యల్ని గట్టు మీద పారేస్తే పిల్లి రోజూ వస్తుంది. సున్నం చల్లి గుంతలో పూడ్చాలి. చేపపిల్లల గుంటకి నాలుగడుగుల నైలాన్ వల చాలు. అడుగు అంచు జానెడు మట్టిలో పూడ్చి, పై అంచు బిగించకుండా వదలండి, ఎక్కడానికి పట్టు దొరకదు.

నన్నడిగితే ఉచ్చు కన్నా ఎలకల మందే పెద్ద గండం. బ్రోమాడయోలోన్ తిన్న ఎలక కొన్ని రోజులు మత్తుగా తిరిగి చస్తుంది. ఆ మత్తు ఎలకే పిల్లికి సులువుగా దొరుకుతుంది. మందు మాని, బొరియలు తవ్వి ఎలకలు పట్టే యానాది కుటుంబాలకి లీజుదార్లు కలిసి కూలి కట్టివ్వడం మేలు. గుంటల కావలికీ చాలాచోట్ల వాళ్లే ఉంటారు, పిల్లి దారి వాళ్లకి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

జమ్ముగట్టు:
జమ్ము తగలబెట్టేవాళ్లని ఏం చేద్దాం? పిల్లిని చూపించిన కావలివాళ్లకి డబ్బివ్వాలా?

తూముకాడ:
కాలవ పూడిపోతుందనే తగలబెడతారు, వాళ్ల బాధ నిజమే. మురుగు కాలవకి ఈ ఏడు ఒక ఒడ్డు, వచ్చే ఏడు రెండో ఒడ్డు కోయించండి. ఒకవైపు జమ్ము నిలబడి ఉంటుంది. కోతలో కూనలు కనబడితే ముట్టుకోవద్దు. అక్కడ పని ఆపేసి దూరం జరిగితే తల్లి చీకటి పడ్డాక వచ్చి తీసుకెళ్తుంది. తెల్లారినా అక్కడే ఉంటే అప్పుడు రేంజి ఆఫీసుకి ఫోన్ చేయండి.

ఫోటోకి ఇంత అని డబ్బు పెట్టొద్దు, ఎర వేసి పిల్లిని రప్పిస్తారు. కెమెరా చూసుకునే పనికి నెలకూలి ఇవ్వండి, పిల్లి పడినా పడకపోయినా. పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ కాగితం మీదన్నా ఉండి ఉంటుంది. కూలి లెక్కలు, ఫోటోలు ఆ కమిటీ పేరుమీద పెడితే లీజు చేతులు మారినా పని ఆగదు.